పక్షుల చదువు చదవాలని ఉంది, బాపు వద్దంటున్నడు

ప్రశ్న: మేడం గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మా బాయి కాడ తాటిచెట్లకు గిజిగాడి గూళ్ళు ఉంటయి, చిన్నప్పటి నుంచి అవి చూసుకుంటనే పెరిగిన. పోయిన చలికాలం మా పెదనాన్న కొడుకు బండి మీద పాకాలకు తీస్కపోయి బాతులను చూపించిండు. అప్పటి నుంచి పక్షుల మీదనే డిగ్రీ చెయ్యాలని మనసుల పడ్డది. యూట్యూబ్‌ల ఆర్నిథాలజీ అని ఉన్నది గని అది మన దగ్గర ఏ కాలేజీల ఉన్నదో ఎవరూ చెప్తలేరు. బాపు "పిట్టలను చూసుకుంట కూసుంటే ఎవడు జీతమిస్తడు? అగ్రికల్చర్ బీఎస్సీ చెయ్యి, లేకుంటే నర్సింగ్‌ల చేరు" అంటున్నడు. అమ్మేమో ఆడపిల్లవు, అడవులెంబడి తిరుగుడేంది అంటున్నది. నిజంగ ఇసొంటి చదువు ఉన్నదా? ఉద్యోగం వస్తదా? మా ఇంట్ల ఏం చెప్పాలె?
(పేరు వద్దు, వరంగల్ జిల్లా)

సమాధానం:

బిడ్డా, నీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. పక్షిశాస్త్రం పేరుతో తెలంగాణలో ఏ యూనివర్సిటీలోనూ బీఎస్సీ లేదు. దేశంలో మిగతా చోట్ల కూడా డిగ్రీ స్థాయిలో దాన్ని విడి కోర్సుగా నడిపే ఆనవాయితీ లేదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి పక్షుల పరిశోధనలో ప్రపంచమంతా పేరున్న పెద్ద ల్యాబ్ ఉంది. అక్కడ డిగ్రీ చదివే పిల్లలు సైతం జీవశాస్త్రం లాంటి దాంట్లో చేరి, అందులో ఒక భాగంగానే పక్షుల గురించి చదువుకుంటారు. కాబట్టి నర్సంపేట దగ్గర పుట్టినందుకు నీకేదో దక్కకుండా పోయిందని బాధపడకు. 'పక్షుల డిగ్రీ ఇస్తాం' అని ఆన్‌లైన్‌లో ఎవరైనా డబ్బులడిగితే, యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీయేనా కాదా తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

డిగ్రీకి ఆ పేరు లేదు గానీ, ఆ చదువు ఉంది. అది పీజీలో, పీహెచ్‌డీలో మొదలవుతుంది. అక్కడిదాకా పోవడానికి నీకు రెండు కావాలి. ఒకటి, సైన్సులో గట్టి డిగ్రీ. రెండు, పక్షులను నువ్వు నీ కళ్ళతో చూసి, నీ చేత్తో రాసుకున్న లెక్క. మొదటిది కాలేజీ ఇస్తుంది. రెండోది ఏ కాలేజీ ఇవ్వదు, నువ్వు ఇవాళ మొదలుపెడితేనే ఉంటుంది. అది మీ బాయి కాడే మొదలుపెట్టొచ్చు.

డిగ్రీలోనే పక్షులకు పరిమితం కాకపోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో రాబందుల సంగతి చూస్తే తెలుస్తుంది. 1990లలో మన దేశంలో రాబందులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. మూడు జాతుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా మాయమయ్యాయి. పురుగుమందులని కొందరన్నారు, కొత్త వైరస్ అని కొందరన్నారు. అసలు కారణం 2004లో బయటపడింది. పశువులకు నొప్పులు, జ్వరం తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూది అది. ఆ సూది వేసిన కొద్ది రోజులకే ఎద్దు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం బయటికి పోక, గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. రోజుల్లోనే పక్షి చచ్చిపోతుంది. చచ్చిన పక్షిని కోసి చూసే విద్య తెలిసినవాళ్ళు, దాని కిడ్నీలో మందు ఎంత ఉందో కొలిచిన కెమిస్ట్రీ వాళ్ళు, కళేబరాల్లో ఎన్నింటిలో మందు ఉంటే జాతి అంత వేగంగా తగ్గిపోతుందో లెక్కగట్టిన వాళ్ళు తలా ఒక చెయ్యి వేస్తే ఆ సంగతి తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడొద్దని నిషేధించింది.

ఈ కథ మనకు దూరపుదేమీ కాదు. ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకుని కనిపించాయి. అలాంటి చోట రాబందు బతకాలంటే చుట్టుపక్కల ఊళ్ళలో బర్రెకు, ఎద్దుకు ఏ సూది వేస్తున్నారో కనిపెట్టే మనిషి కావాలి. ఆ మనిషికి పక్షి మీద ప్రేమ ఒక్కటి ఉంటే సరిపోదు, శరీర ధర్మశాస్త్రం తెలియాలి, లెక్కలు తెలియాలి, రైతుతో మాట్లాడడం రావాలి. అందుకే డిగ్రీలో వెడల్పుగా చదువు. పక్షి ఎక్కడికీ పోదు.

ఇక ఎక్కడ చేరాలి? అందరికీ అందేది, ఖర్చు తక్కువది, డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి అయిన దోస్త్ ద్వారా వచ్చే బీఎస్సీ లైఫ్ సైన్సెస్. హనుమకొండలో కాకతీయ ప్రభుత్వ కళాశాల ఉంది, ఆడపిల్లలకు వడ్డేపల్లిలో పింగిళి కళాశాల ఉంది, సుబేదారిలో యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది. ఇంటి నుంచి పోయి రావాలంటే నర్సంపేటలోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఎక్కడైనా సరే, జువాలజీ ఉన్న కాంబినేషనే పెట్టుకో. బోటనీ, జువాలజీతో పాటు కెమిస్ట్రీ తీసుకోవాలా, కంప్యూటర్ అప్లికేషన్స్ తీసుకోవాలా అని చాలామంది తికమకపడతారు. నా మాట కెమిస్ట్రీకే. కంప్యూటర్ బయట ఎక్కడైనా నేర్చుకోవచ్చు, కెమిస్ట్రీ ల్యాబ్ బయట దొరకదు.

సిలబస్‌లో పక్షులు ఎంత ఉంటాయని అడిగితే, కొన్ని పేజీలే. ఎగరడానికి ఒంట్లో వచ్చిన మార్పులు, వలస, పక్షులకూ సరీసృపాలకూ నడుమ నిలిచే ఆర్కియాప్టెరిక్స్, అంతే. ఏళ్ళ తరబడి జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని, ఆ పేజీలను పిల్లలు ఎట్లా బట్టీ పడతారో నాకు బాగా తెలుసు. నువ్వు అట్లా చదవకు. పక్షి ఎముకలు బోలుగా ఉంటాయని రాసి ఉంటే, మార్కెట్‌లో కోడి రెక్కలోని పై ఎముక విరిచి చూడు. చివరి ఏడాదిలో ప్రాజెక్టు అడిగితే నెట్‌లో దించకుండా, మీ ఊరి పక్షుల మీద చేస్తానని మీ లెక్చరర్‌కు ముందే చెప్పు. అట్లా అడిగిన పిల్లను కాదనే లెక్చరర్ ఉండడు.

బీఎస్సీ ఫారెస్ట్రీ ఇంకో దారి. నాలుగేళ్ళ కోర్సు. ములుగులోని అటవీ కళాశాలలో ఉంది. ఇక్కడొక మాట. ఆ ములుగు మన సమ్మక్క సారలమ్మల ములుగు కాదు, సిద్దిపేట జిల్లాలో గజ్వేల్ దగ్గరి ములుగు. పక్క జిల్లాయే కదా అని అనుకుని, తర్వాత హాస్టల్ మాట వచ్చేసరికి గాబరాపడే తల్లిదండ్రులు ఉంటారు, ముందే చెప్పి ఉంచు. చెట్టు, నేల, అడవి లెక్కలు, వన్యప్రాణులు అన్నీ అందులో వస్తాయి. ఫారెస్టు ఉద్యోగాల వైపు పోవాలనుకుంటే ఇది చాలా మంచి చదువు.

కష్టపడతానంటే ఐసర్‌లనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థలు ఉన్నాయి. అయిదేళ్ళలో బీఎస్, ఎంఎస్ రెండూ చేతికొస్తాయి. మనకు దగ్గరిది తిరుపతి. పశ్చిమ కనుమల ఎత్తయిన కొండల మీది పక్షుల గురించి అక్కడ మంచి పరిశోధన జరుగుతోంది. చేరడానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి, బైపీసీ వాళ్ళూ రాయొచ్చు. అయితే అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో సమానంగా గణితం ప్రశ్నలు కూడా ఉంటాయి. లెక్కలు వదిలేసి రెండేళ్ళయిన పిల్లకు అది బరువే. అయినా మిగతా మూడింటిలో గట్టిగా ఉంటే రాసి చూడు, పోయేదేమీ లేదు.

మీ బాపు చెప్పిన అగ్రికల్చర్ బీఎస్సీ దగ్గర నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. ఎందుకంటే నువ్వు దాన్ని శత్రువులా చూస్తున్నావు, అది నీకు శత్రువు కాదు. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వస్తే, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీ కాలేజీ వరంగల్‌లోనే ఉంది. రాజేంద్రనగర్‌లో ఆ యూనివర్సిటీ ప్రాంగణంలోనే పంటల మీద వాలే పక్షుల గురించి అఖిల భారత స్థాయి ప్రాజెక్టు చాలా ఏళ్ళుగా నడుస్తోంది. పొద్దుతిరుగుడును, జొన్నను, మక్కను చిలుకలు ఎంత తింటాయి, ఎట్లా ఆపాలి, ఏ పక్షి రైతుకు మేలు చేస్తుంది అన్నవే వాళ్ళ పని. మీ నర్సంపేట వైపు మిరప చేలల్లో కర్రలు పాతి పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయాధికారులు చెప్తూనే ఉంటారు. ఏట్రింతలు, గోరింకలు వాటి మీద వాలి పురుగులను ఏరుకు తింటాయి. ఆ కర్ర మీద ఏ పక్షి వాలింది, ఎన్నిసార్లు కిందికి దిగింది, మందు కొట్టిన మడిలో ఎంత, కొట్టని మడిలో ఎంత అని చూడడం అచ్చమైన పక్షిశాస్త్రమే. మీ బాపు పొలంలోనే చేయొచ్చు. కాబట్టి సీటొస్తే అగ్రికల్చర్‌ను కాలదన్నుకోకు. నీకు పక్షుల చదువు, ఆయనకు నిబ్బరం, రెండూ అందులో ఉన్నాయి.

మామునూరులో పశువైద్య కళాశాల ఉందన్న సంగతీ గుర్తుంచుకో. రాబందుల కథ విన్నాక అది నీకెందుకు పనికొస్తుందో నేను వేరే చెప్పక్కరలేదు. నర్సింగ్ మాత్రం, మనసు లేనప్పుడు చేరొద్దు. అది రోగి మీద ప్రేమ ఉన్నవాళ్ళు చేయాల్సిన పని.

ఇప్పుడు మీ బాయి కాడి గిజిగాడి దగ్గరికి వద్దాం, నాకు నీ ఉత్తరంలో అన్నింటికంటే నచ్చింది అదే. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు వినే ఉంటావు. 1929లో జర్మనీకి పోయి బెర్లిన్‌లో పక్షుల చదువు నేర్చుకుని తిరిగొచ్చేసరికి ఆయనకు ఉద్యోగం లేదు. బొంబాయికి సముద్రం అవతల కిహిం అనే పల్లెలో ఉంటూ, 1930 వానాకాలంలో ఇంటి దగ్గరి గిజిగాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. అంతకు ముందు ఎవరూ సరిగ్గా పట్టుకోని సంగతి ఆయన పట్టుకున్నాడు. మగ గిజిగాడు గూడు మొత్తం కట్టడు. పైన టోపీలాగా సగం అల్లి ఆగుతాడు. ఆ సగం గూటికి వేలాడుతూ రెక్కలు ఆడిస్తూ అరుస్తాడు. ఆడ పిట్టలు వచ్చి, లోపలికి దూరి, ముక్కుతో లాగి చూసుకుంటాయి. ఒకటి ఒప్పుకుంటేనే గుడ్ల అర పూర్తి చేసి, కింద గొట్టంలాంటి దారి అల్లుతాడు. అది గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే ఇతను ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడ పిట్టను పిలుస్తాడు. ఎవరికీ నచ్చని గూళ్ళు సగంలోనే ఉండిపోతాయి. మీ తాటిచెట్టుకు కింద గొట్టం లేకుండా వేలాడే గూళ్ళు ఉంటాయి చూడు, అవి అవే.

అదే పక్షి మీ బాయి కాడ ఉంది. మృగశిర దాటి వానలు పడగానే పని మొదలుపెడతాయి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. చెట్లకు ఒకటి, రెండు అని నంబర్లు వేసుకో, ప్రతి చెట్టుకూ ఒక బొమ్మ గీసి గూళ్ళు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టుకో. వారానికి ఒక రోజు, అదే పొద్దుకు పోయి, ఏ గూడు ఎంత దాకా వచ్చిందో రాయి. చెట్టుకు ఏ దిక్కున ఎక్కువ గూళ్ళు ఉన్నాయి? సగంలో ఆగినవి ఎన్ని? గాలివానకు రాలినవి ఎన్ని? పక్క పొలంలో వరి ఉన్న ఏడాదికీ పత్తి ఉన్న ఏడాదికీ తేడా ఉందా? తాటిచెట్టు ఎక్కే గౌడ తాతను అడుగు. ఏ చెట్టు కమ్మలు ఎప్పుడు కొట్టాడో, ఏ చెట్టు మీద గూళ్ళు ఏ ఏడు నుంచి ఉన్నాయో ఆయనకు తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు. ఆయన చెప్పింది కూడా ఆయన పేరుతో రాసుకో. చెట్టెక్కొద్దు, గూడు దింపొద్దు, గుడ్లు ముట్టొద్దు. ఫోటో కోసం గూటి దగ్గరికి పోయి గంటల తరబడి నిలబడేవాళ్ళను చూసి నాకు కోపమొస్తుంది, నువ్వు అట్లా కావొద్దు.

సలీం అలీ సంగతిలో ఇంకొక ముక్క ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. 'ఆయనకు డిగ్రీ లేదు, అయినా అంత గొప్పవాడయ్యాడు' అని ఉపన్యాసాల్లో చెప్తుంటారు. నిజమే. కానీ జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షిశాస్త్రజ్ఞుడి ఉద్యోగం ఆయనకు డిగ్రీ లేనందుకే రాలేదు. ఆ రోజుల్లోనే అట్లా ఉంటే, ఇప్పుడు చెప్పేదేముంది? తర్వాత 1931, 32లలో నిజాం సర్కారు ఖర్చు పెట్టుకుంటే మన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. భార్య తెహమీనా ఆ క్యాంపుల్లో వెంట ఉంది. అట్లా తొంభై ఏళ్ళ కిందటి తెలంగాణలో ఏ పక్షులుండేవో మనకొక లెక్క మిగిలింది. ఇవాళ్టి లెక్క రాసేవాళ్ళే తక్కువ.

చెరువు విషయంలో నీకొక ప్రశ్న ఇస్తాను, జవాబు నువ్వే వెతకాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మన చెరువులకు పూడిక తీశారు. రైతుకు మంచిదే. అయితే కొంగలు, ఉల్లంకుల వంటి పొడుగు కాళ్ళ పిట్టలు మోకాలి లోతు నీళ్ళలో, బురద అంచున మేస్తాయి. మునిగి చేపలు పట్టే నీటికాకులకు లోతు కావాలి. చెరువు లోతయి, అంచు నిటారైతే ఎవరు వచ్చారు, ఎవరు పోయారు? కాలువ నీళ్ళతో ఎండాకాలం కూడా నిండుగా ఉండే చెరువులో తామర పెరుగుతుందా, బురద అంచు ఉంటుందా? మీ మండలంలో పూడిక తీసిన చెరువు ఒకటి, తీయనిది ఒకటి ఎంచుకుని ఏడాది పాటు ఒకే తీరుగా లెక్కపెడితే, ఎంఎస్సీ ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దలు నీ నోట్‌బుక్ ముందుకు లాక్కుని చూస్తారు.

లెక్క నీ దగ్గరే ఉంచుకోకుండా, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించు, ఉచితమే. పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి, కనిపించిన ప్రతి జాతినీ రాయాలి. అరుదైన పిట్ట ఒక్కటే రాసి కాకిని, గోరింకను వదిలేస్తే ఆ జాబితా సగం దండగ. 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక ఇట్లా రాసినవాళ్ళ లెక్కల మీదనే తయారైంది. ముప్పై వేల మందికి పైగా రాసిన మూడు కోట్ల పరిశీలనలతో 942 జాతుల పరిస్థితి తేల్చారు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట బాగా తగ్గిపోతోందని, దాని స్థితిని ప్రపంచ స్థాయిలో మళ్ళీ పరిశీలించాలని అందులోనే వచ్చింది. దసరా నాడు జమ్మికి మొక్కి పాలపిట్ట కోసం ఆకాశం వైపు చూసే మనకు అంతకంటే ఏం కావాలి? పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్ళు వస్తే చూడొద్దని మీ వాడకట్టులో చెప్పు. పట్టడమే నేరం, వన్యప్రాణి చట్టం ఉంది.

మెర్లిన్ అనే యాప్ కూత విని పేరు చెప్తుంది. అది చెప్పిన పేరును ఆధారంగా రాయకు, పక్షిని చూశాకే రాయి. బైనాక్యులర్ కోసం ఇప్పుడే బాపు జేబు మీద పడకు. మొదటి ఏడాది వట్టి కళ్ళు చాలు. తర్వాత కొంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే 8×42 తీసుకో. ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని చూపించేవి చేతిలో వణుకుతాయి, పనికిరావు.

డిగ్రీ అయ్యాక అసలు పక్షుల చదువు మొదలవుతుంది. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో ఎంఎస్సీ చెప్తారు. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో వన్యప్రాణి జీవశాస్త్రం, సంరక్షణ కలిపి ఎంఎస్సీ ఉంది. పశువైద్యులూ, ఇంజనీర్లూ కూడా ఆ తరగతుల్లో చేరారు. ఈ రెండింటిలో సీట్లు చాలా తక్కువ, పోటీ ఎక్కువ. మార్కులతో పాటు నువ్వు ఏం చూశావు, ఏం ఆలోచించావు అని గుచ్చి గుచ్చి అడుగుతారు. తమిళనాడులో మయిలాడుతురైలోని ఏవీసీ కాలేజీ, ఉత్తరాదిన అలీగఢ్ యూనివర్సిటీ కూడా ఈ చదువుకు పాత పేర్లు. ఒకవేళ బయటికి పోలేకపోతే మన రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయ యూనివర్సిటీలోనే ఎంఎస్సీ జువాలజీ చెయ్యి, తలుపులేమీ మూసుకుపోవు. కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో సలీం అలీ పేరు మీద 1990లో పెట్టిన పక్షి పరిశోధన కేంద్రం ఉంది, ఇప్పుడది డెహ్రాడూన్ సంస్థలో భాగం. పీహెచ్‌డీకి అక్కడికి పోవచ్చు. 1883 నుంచి ఉన్న ముంబయి బీఎన్‌హెచ్ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) వాళ్ళు ఇంటి నుంచే చేసుకునేలా పక్షిశాస్త్రం చిన్న కోర్సు నడుపుతారు. డిగ్రీ రెండో ఏడాదిలో అది చెయ్యి, చదవడానికి ఇంగ్లీషు కొంచెం అలవాటయ్యాక. ఇంగ్లీషుకు భయపడకు గానీ నిర్లక్ష్యం కూడా చెయ్యకు. పీజీ ప్రవేశ పరీక్షలు, పరిశోధన వ్యాసాలు అన్నీ అందులోనే ఉంటాయి. రోజూ ఒక పేజీ, అర్థమయ్యే దాకా చదువు.

జీతం ఎవరిస్తారన్న బాపు ప్రశ్న న్యాయమైనదే, దానికి దాపరికం లేని జవాబు చెప్పాలి. డిగ్రీ కాగానే పక్షుల ఉద్యోగం రాదు. ఎంఎస్సీ తర్వాత ప్రాజెక్టుల్లో పని దొరుకుతుంది, కానీ అవి ఏడాదికో రెండేళ్ళకో అయిపోయే కాంట్రాక్టులు, నడుమ ఖాళీ నెలలు వస్తాయి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఆపైన ఇంటి అద్దె భత్యం ఉంటాయి. అంటే పీహెచ్‌డీ మన చేతి నుంచి పెట్టి చదివేది కాదు, ఇది బాపుకు తప్పకుండా చెప్పు. గనులకూ ప్రాజెక్టులకూ పర్యావరణ అనుమతులు కావాలంటే అక్కడి జంతువులు, పక్షుల మీద నివేదిక ఉండాలి కాబట్టి కన్సల్టెన్సీల్లో కూడా పని ఉంటుంది. డబ్బులు బాగానే ఇస్తారు, ఉన్నదున్నట్టు రాసే ధైర్యం మాత్రం మనదగ్గర ఉండాలి.

సర్కారు కొలువంటే ఫారెస్టు శాఖ. జువాలజీ డిగ్రీతో రేంజ్ ఆఫీసర్ పరీక్ష రాయొచ్చు, యూపీఎస్సీ వాళ్ళ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ కూడా రాయొచ్చు. మన రాష్ట్రంలో ఈ కొలువులకు ఆడపిల్లలకు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్ల నడక పరీక్ష పెట్టారు. పొలం పనికి పోయి వచ్చే పిల్లకు అది పెద్ద లెక్క కాదు. ఇవేవీ కాకున్నా బీఈడీ చేసి టీచరో, ఎంఎస్సీ చేసి లెక్చరరో అయ్యే దారి ఎటూ ఉంటుంది. పక్షులను పిల్లలకు చూపించే టీచర్ ప్రతి మండలానికి ఒకరున్నా నేను సంతోషపడతాను.

అమ్మ భయం గురించి. ఆమె భయం ఒట్టిదని అనకు. ఇప్పుడు నువ్వు ఒక్కదానివే అడవికి పోవద్దు. బాయి కాడికి, ఊరి చెరువుకు పొద్దున పూట పో, ఎక్కడికి పోతున్నావో, ఎప్పుడొస్తావో ఇంట్లో చెప్పి పో. పాకాల అభయారణ్యం లోపలికి ఫారెస్టు వాళ్ళ అనుమతి లేకుండా అన్నతో కూడా పోవద్దు. పరిశోధనలోకి వచ్చాక ఎవరూ ఒంటరిగా పంపరు, జట్టుగా పోతారు, ఊరి మనుషులు తోడుంటారు. అమ్మకు పూర్ణిమాదేవి బర్మన్ గురించి చెప్పు. అస్సాంలో, గౌహతి యూనివర్సిటీలో జువాలజీ చదివింది. హర్గిలా అనే పెద్ద కొంగను ఊళ్ళో వాళ్ళు అపశకునమని అసహ్యించుకుని, గూళ్ళున్న చెట్లు కొట్టేస్తుంటే, ఆమె ఆ ఊళ్ళ ఆడవాళ్ళను కూడగట్టింది. గర్భిణికి సీమంతం చేసినట్టు ఆ పక్షికి వేడుక చేయించింది, చీరల మీద ఆ కొంగ బొమ్మ నేయించింది. 2022లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ పురస్కారం ఆమెకు వచ్చింది. ఆమె పని ఎక్కువగా జరిగింది అడవిలో కాదు, ఇళ్ళ వెనక పెరళ్ళలో, అత్తమ్మల మధ్య.

ఇంట్లో మాట ఎట్లా తియ్యాలంటే, 'పక్షుల డిగ్రీ' అని తియ్యకు. అట్లాంటిది లేదు, లేనిదాని కోసం పోట్లాట ఎందుకు? ఈఏపీసెట్ బాగా రాస్తానని, అగ్రికల్చర్ వస్తే చేరతానని, రాకపోతే ఫారెస్ట్రీ గానీ జువాలజీ బీఎస్సీ గానీ చేస్తానని, నర్సింగ్‌కు మాత్రం ఒత్తిడి చేయొద్దని చెప్పు. ర్యాంకు కోసం ఏళ్ళకేళ్ళు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోవడం వద్దని కూడా ఇప్పుడే మాట తీసుకో. ఆ డబ్బులతో బీఎస్సీ మొత్తం అయిపోతుంది. వీలైతే ఒక ఆదివారం బాపును మిరప చేను గట్టు మీద నీ పక్కన కూర్చోబెట్టుకుని, కర్ర మీది ఏట్రింత ఎన్ని పురుగులు తిన్నదో లెక్కపెట్టమను. పంట లెక్క ఆయనకు నీకంటే బాగా వచ్చు.

ఇంటర్ పరీక్షలు ముందు ముగించు, బయాలజీ ఒక్కటే కాదు, ఫిజిక్స్ కూడా బాగా చదువు. ఐఏటీ, ఈఏపీసెట్ దరఖాస్తుల తేదీలు దాటిపోకుండా చూసుకో, ఫలితాలొచ్చాక దోస్త్‌లో జువాలజీ కాంబినేషన్లు మొదట పెట్టు. ఏ కాలేజీలో చేరినా ఫిబ్రవరి నడిమిలో నాలుగు రోజులు, కాలేజీ ఆవరణల్లో పక్షులను లెక్కపెట్టే క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మీ కాలేజీ పేరు అందులో ఉందో లేదో జనవరిలోనే జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో అడుగు. లేకపోతే ఇద్దరు ముగ్గురు స్నేహితులను కలుపుకుని నువ్వే మొదలుపెట్టు, జాబితా తయారయ్యాక నాకూ ఒక ప్రతి పంపు.